63 ఏళ్ల వయసులో ఒంటరిగా హైదరాబాదు నుంచి డాలస్‌కు: దారి తెలిసినవారు చెప్పగలరా?

తెనాలి టీచరమ్మ (ఆగస్టు 11)
అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి, అల్లుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటారు. అక్టోబరులో అమ్మాయికి పురుడు. మంచం పట్టిన మా అత్తగారిని వదిలి మావారు రాలేరు కనుక, సెప్టెంబరు రెండో వారంలో నేను ఒక్కదాన్నే శంషాబాద్‌లో విమానం ఎక్కి, దోహాలో మారి, డాలస్‌లో దిగాలి. తిరుగు టికెట్టు ఫిబ్రవరికి తీసుకున్నాము.

దేశం దాటడం నాకు ఇదే మొదలు. ఇంగ్లీషు చదవడంలో ఇబ్బంది లేదు, రాయగలను కూడా. అయితే అమెరికావారు వేగంగా మాట్లాడితే సగమే అర్థమవుతుంది. పిల్లలేమో చక్రాల కుర్చీ బుక్ చేస్తామని పట్టుబడుతున్నారు. నేను రోజూ తెల్లవారుజామున కాలువగట్టు మీద గంటసేపు నడిచే మనిషిని. నడవగలిగి కూడా కుర్చీలో కూర్చోవడానికి మనసు ఒప్పుకోవడం లేదు. కుర్చీ లేకుండా వెళ్లడం మొండితనమా? దోహాలో విమానం మారేటప్పుడు, డాలస్‌లో అధికారి ముందు నిలబడినప్పుడు ఏమి జరుగుతుందో, ఏ చోట ఏ కాగితం అడుగుతారో వరుసగా చెప్పగలిగితే ధైర్యంగా ఉంటుంది.

పిఠాపురం అమ్మాయి (ఆగస్టు 11)
టీచరు గారూ, నేను న్యూజెర్సీలో ఉంటాను. మా ఇంటి పెద్దలందరినీ ఇదే దారిలో రప్పించుకున్న అనుభవంతో చెబుతున్నాను. శంషాబాద్‌లో మీరు దాటవలసినవి మూడే మూడు: సామాను అప్పగించే కౌంటరు, పాస్‌పోర్టు చూసే ఇమిగ్రేషన్ కౌంటరు, ఒంటినీ చేతి సంచీనీ తనిఖీ చేసే భద్రతా విభాగం. మొదటి కౌంటరులోనే రెండు బోర్డింగ్ పాసులు, అంటే దోహా వరకు ఒకటి, దోహా నుంచి డాలస్‌కు ఒకటి, అడిగి తీసుకోండి. పెట్టెలకు కట్టే చీటీ మీద చివరి గమ్యంగా డాలస్ సంకేతం డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో అక్కడే చూసుకోండి. అది ఉంటే దోహాలో పెట్టెల సంగతి మీరు తలచుకోనవసరం లేదు. మీ సోదరుడో మరిదో పాత అనుభవంతో "ఇమిగ్రేషన్ ఫారం నింపాలి" అని చెప్పవచ్చు; మన దేశం నుంచి బయటికి వెళ్లే భారతీయులకు ఆ కార్డును 2017 జులై 1 నుంచి తీసివేశారు.

దోహాలో మీరు దేశంలోకి అడుగు పెట్టరు కనుక వీసా అడగరు. దిగగానే బదిలీ ప్రయాణికులకు చూపే బాణం గుర్తుల వెంట నడిస్తే మరోసారి భద్రతా తనిఖీ ఉంటుంది. అది దాటాక తెరల మీద మీ విమానం సంఖ్య, దానికి ఎదురుగా గేటు సంఖ్య కనిపిస్తాయి. పాసు మీద ముద్రించిన గేటు మారిపోవచ్చు. తెర మీద ఉన్నదే నమ్మండి. గడియారాన్ని రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవడం మరచిపోవద్దు. అమెరికా విమానాలకు గేటు దగ్గర ఇంకొక తనిఖీ కూడా ఉంటుంది కాబట్టి, దుకాణాల దగ్గర కాలక్షేపం చేయకుండా ముందుగానే గేటు చేరుకోండి.

కాజీపేట విశ్రాంత గార్డు (ఆగస్టు 12)
పై సోదరి చెప్పినదంతా సరైనదే. ఈ చర్చను ఇతరులు కూడా చదువుతారు కనుక ఒక తేడా చెప్పాలి. అబుదాబి మీదుగా వెళ్లేవారికి అమెరికా అధికారుల తనిఖీ అబుదాబిలోనే పూర్తవుతుంది. 2014 నుంచి అక్కడ ఆ ఏర్పాటు ఉంది. వేలిముద్రలు, ప్రశ్నలు, సామాను విచారణ అన్నీ అక్కడే ముగించుకొని విమానం ఎక్కితే, అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికులతో పాటు నేరుగా బయటికి వచ్చేస్తాము. అందువల్ల అబుదాబిలో విమానం మారే వ్యవధి మూడు గంటలకు తగ్గకుండా టికెట్టు తీసుకోవడం మంచిది. దోహా, దుబాయి మీదుగా వెళ్లేవారికి ఈ పని అమెరికాలో దిగిన తరువాతే.

మరొక మాట. దుబాయి, అబుదాబిలలో వాట్సాప్ సందేశాలు వెళతాయి గాని వాట్సాప్ కాల్ పలకదు. ఈ సంగతి తెలియక మా వియ్యపురాలు గంటసేపు ఫోను పట్టుకొని కంగారుపడ్డారు. ఇంట్లో అందరికీ ముందే "మెసేజ్ మాత్రమే పెడతాను" అని చెప్పి ఉంచితే ఇటువైపు వారికీ గాబరా ఉండదు.

శంషాబాద్ నేల మనిషి (ఆగస్టు 12)
నేను విమానాశ్రయంలో ప్రయాణికుల సహాయ విభాగంలో పని చేస్తున్నాను. కుర్చీ గురించి మా వైపు మాట కూడా వినాలి. అమెరికా వెళ్లే ఒక్కొక్క విమానానికి పదుల సంఖ్యలో కుర్చీలు అడుగుతారు. నెట్టవలసిన మనుషులు అంతమంది ఉండరు. అడిగినవారిలో ఎందరికి నిజంగా మోకాళ్ల నొప్పులున్నాయో, ఎందరు భాష రాదనే భయంతో అడిగారో మాకు తెలుస్తూనే ఉంటుంది. పాసు చేతికి అందగానే కుర్చీ దిగి దుకాణాలకు చకచకా నడిచి వెళ్లేవారిని ఎందరినో చూశాము.

ఈ కొరత ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబయిలో దిగిన 80 ఏళ్ల ప్రయాణికుడు, తనకూ తన భార్యకూ కుర్చీలు ముందే బుక్ చేసుకున్నా ఒక్కటే దొరకడంతో, భార్యను అందులో కూర్చోబెట్టి తాను పక్కన నడుస్తూ ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి మరణించారు. ఆ విమాన సంస్థకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 30 లక్షల రూపాయల జరిమానా విధించింది. టీచరు గారు నడవగలిగినప్పుడు నడవాలనుకోవడం మొండితనం కాదు.

గోదారిగట్టు (ఆగస్టు 12)
పై మిత్రుని బాధ అర్థమయింది గాని, ఆయన తీర్పు కఠినంగా ఉంది. మా అమ్మ నాలుగో తరగతి వరకే చదివింది. ఇంగ్లీషులో ఒక్క బోర్డు కూడా చదవలేదు. ఆమెకు మోకాళ్లు బాగానే ఉన్నాయి. అలాంటి మనిషి అర్ధరాత్రి దోహాలో మైళ్ల పొడవున్న ఆ భవనంలో ఏ గేటుకు పోవాలో ఎవరిని అడగాలి? చూపించే మనిషి కావాలంటే కుర్చీ తప్ప మరో దారి చూపలేదు కాబట్టే జనం కుర్చీ అడుగుతున్నారు. తప్పు ప్రయాణికులదా, ఏర్పాటుదా?

శంషాబాద్ నేల మనిషి (ఆగస్టు 12)
దారి ఉంది; అడిగేవారే తక్కువ. టికెట్టు తీసుకునేటప్పుడే భాష రాని, మొదటిసారి ప్రయాణించే పెద్దవారికి "మీట్ అండ్ అసిస్ట్" కావాలని సంస్థను అడగవచ్చు. మనిషి పక్కన నడుస్తూ దారి చూపుతారు. కొన్ని సంస్థలు దీనిని ఉచితంగా ఇస్తాయి, కొన్ని డబ్బు తీసుకుంటాయి. కుర్చీ ఉచితం కావడం వల్లనే అందరూ దానివైపు మొగ్గుతున్నారు. చదవడం రాని మీ అమ్మగారిని నేను ఎన్నడూ తప్పుపట్టను. చదవగలిగి, నడవగలిగినవారు ఒక్క క్షణం ఆలోచించాలనే నా మనవి.

కుర్చీలో ఒక ఇబ్బంది కూడా ఉంది. దోహాలో మిమ్మల్ని సహాయ కేంద్రంలో కూర్చోబెట్టి, మరొకరు వచ్చి తీసుకువెళ్లేదాకా ఉండమంటారు. ఆ సమయంలో మంచినీళ్లకూ మరుగుదొడ్డికీ మరొకరి మీద ఆధారపడవలసి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది నడకకన్నా విసుగు.

వరంగల్ వైద్యుడు (ఆగస్టు 13)
కుర్చీ వాదనలో అసలు ప్రమాదం పక్కకు పోతోంది. దోహా నుంచి డాలస్‌కు దాదాపు 16 గంటలు ఒకే సీటులో కూర్చోవాలి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం చెప్పింది. మామూలు మనిషికి ఆ ముప్పు చిన్నదే. ఊబకాయం, పాత గడ్డల చరిత్ర, ఇటీవలి శస్త్రచికిత్స, హార్మోను మాత్రలు ఉన్నవారికి పెరుగుతుంది. నడవా పక్క సీటు ముందే ఎంచుకోండి. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి లేచి అటూ ఇటూ నడవండి. కూర్చున్నచోటనే మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకెత్తడం, మళ్లీ దించడం చేస్తూ ఉండండి. మరుగుదొడ్డికి లేవవలసి వస్తుందని మన ఆడవారు నీళ్లు తాగడం మానేస్తారు. దయచేసి అలా చేయవద్దు.

బీపీ, షుగరు మాత్రలు పెట్టెలో వేయకుండా చేతి సంచీలోనే పెట్టుకోండి. పెట్టె ఒకరోజు ఆలస్యంగా రావచ్చు. ఇన్సులిన్ అయితే సామాను అరలో గడ్డకట్టి పాడయ్యే అవకాశం కూడా ఉంది. మందుల చీటీలో కంపెనీ పేరుతోపాటు అసలు మందు పేరు ఇంగ్లీషులో రాయించుకోండి, ఎందుకంటే మన బ్రాండు పేర్లు అక్కడి మందుల దుకాణంలో ఎవరికీ తెలియవు. సందర్శకుల ఆరోగ్య బీమా తీసుకోకుండా మాత్రం విమానం ఎక్కవద్దు. పాత జబ్బులకు ఆ పాలసీ ఎంతవరకు వర్తిస్తుందో మీ అల్లుడుగారిచేత నిబంధనలు చదివించండి. చౌకగా వచ్చే పాలసీలు చాలావరకు అక్కడే చేతులెత్తేస్తాయి.

మిరపతోట (ఆగస్టు 14)
పురిటికి వెళ్లే తల్లి పెట్టెలో ఏముంటుందో నాకు తెలుసు కాబట్టి సామాను సంగతి నేను చెబుతాను. మీ టికెట్టు మీద ఎంత బరువు రాసి ఉందో చూడండి. సాధారణంగా 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఇస్తారు. ఇంట్లోనే స్ప్రింగు త్రాసుతో తూచుకుంటే కౌంటరు ముందు పెట్టె విప్పి అరిసెలు బయట పెట్టవలసిన అవస్థ ఉండదు. పచ్చి కరివేపాకు ఒక్క రెమ్మ కూడా వద్దు. నిమ్మ జాతి చెట్లను నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది కనుక అమెరికావారు దానిని చాలా గట్టిగా ఆపుతారు. మామిడిపండ్లు, నారు, విత్తనాలు, మాంసం పచ్చళ్లు కూడా వద్దు. గసగసాలు గల్ఫ్ దేశాల్లో నేరం కింద లెక్క. బాలింతకు పథ్యమని కొందరు సర్దుతారు, ఆ పని అసలే చేయవద్దు. ఎండు కొబ్బరి చిప్పలు నూనె వల్ల నిప్పంటుకునే వస్తువని మన భద్రతా సిబ్బందే తీసివేస్తారు.

కందిపొడి, కారప్పొడి వంటివి పెద్ద పెట్టెలోనే పెట్టండి. అమెరికా విమానాల్లో చేతి సంచీలోని పొడి 350 మిల్లీలీటర్ల పరిమాణం మించితే 2018 నుంచి అభ్యంతరం చెబుతున్నారు. ఆవకాయను గట్టిగా మూతబిగించి, రెండు కవర్లలో చుట్టి అదే పెట్టెలో వేయండి. పవర్ బ్యాంకు ఒక్కటే దీనికి విరుద్ధం. అది చేతి సంచీలోనే ఉండాలి. తిండి వస్తువులు ఉన్నాయా అని డాలస్‌లో అడిగితే దాచకుండా ఉన్నాయని చెప్పండి. చెప్పిన వస్తువు మహా అయితే చెత్తబుట్టలోకి పోతుంది, చెప్పని వస్తువుకే జరిమానా.

కొత్తపేట కుర్రాడు (ఆగస్టు 15)
అధికారి అడిగితే పురుడు సంగతి చెప్పకండి టీచరు గారూ. "చూసి పోవడానికి వచ్చాను" అని ఊరుకోండి. పిల్లను పెంచడానికి వచ్చారంటే పనికి వచ్చినట్టు లెక్కేసి వెనక్కి పంపుతారని మా వాట్సాప్ గ్రూపులో చదివాను.

పిఠాపురం అమ్మాయి (ఆగస్టు 15)
ఈ సలహాను దయచేసి పాటించవద్దు. అధికారి ముందు కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే, ఆ ఒక్క కారణంతో శాశ్వతంగా అమెరికా ప్రవేశం నిషేధించే నిబంధన ఉంది. కన్న కూతురి పురిటికి వచ్చి ఇంట్లో తోడుగా ఉండడం సందర్శకురాలికి తగని పనేమీ కాదు. జీతానికి పనిచేయడం, ఇతరుల పిల్లలను డబ్బుకు చూడడం తప్పు. "మా అమ్మాయి దగ్గరికి వచ్చాను, ఆమెకు అక్టోబరులో కాన్పు, ఫిబ్రవరిలో తిరిగి వెళతాను, ఇదిగో టికెట్టు" అని ఉన్నది ఉన్నట్టు, అడిగినంతవరకే చెప్పండి. అడగని కథ చెప్పనవసరం లేదు. అర్థం కాకపోతే ఊహించి "ఎస్" అనవద్దు. మళ్లీ చెప్పమని అడగండి. తెలుగు దుభాషి కావాలనీ అడగవచ్చు. మా అత్తగారికి ఫోనులో దుభాషిని కలిపి మాట్లాడించారు.

అమ్మాయి ఇంటి చిరునామా, ఫోను నంబరు కాగితం మీద రాసుకోండి. ఫోనులో ఛార్జింగ్ అయిపోతే అందులోని చిరునామా పనికిరాదు.

నిర్వాహకుడు (ఆగస్టు 15)
వీసా ఇంటర్వ్యూ, గ్రీన్‌కార్డు ప్రశ్నలు ఈ చర్చలోకి వస్తున్నాయి. వాటిని వేరే శీర్షికకు మార్చాను. ఇక్కడ ప్రయాణం, దిగడం గురించే మాట్లాడుకుందాము.

తెనాలి టీచరమ్మ (ఆగస్టు 17)
అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ ఒక నోటుపుస్తకంలో స్టేషన్ల వారీగా రాసుకున్నాను. కుర్చీ వద్దని పిల్లలకు చెప్పేశాను. అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు, తరువాత నడవా పక్క సీటు, హిందూ శాకాహార భోజనం వాడే బుక్ చేశాడు.

తెనాలి టీచరమ్మ (సెప్టెంబరు 16)
క్షేమంగా చేరాను. నాలాగా మొదటిసారి వెళ్లేవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

శంషాబాద్‌లో అనుకున్నట్టే జరిగింది. మూడింటిలో ఇమిగ్రేషన్ దగ్గరే ఎక్కువసేపు పట్టింది. ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఎప్పుడు తిరిగి వస్తారు అని అడిగి ముద్ర వేశారు. దోహాలో దిగేసరికి అక్కడ ఇంకా తెల్లవారలేదు. నేను భయపడిన చోటు అదే, కాని అన్నిటికన్నా సులువుగా గడిచినది కూడా అదే. బోర్డులన్నీ అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో ఉన్నాయి. మధ్యలో పసుపుపచ్చని పెద్ద ఎలుగుబంటి బొమ్మ ఒకటి ఉంది. దాని తలమీద దీపస్తంభం ఏమిటో, దానిని అక్కడ ఎందుకు పెట్టారో నాకు బోధపడలేదు గాని, గుర్తు పెట్టుకోవడానికి మాత్రం అంతకన్నా మంచి వస్తువు ఉండదు. తెరమీద గేటు సంఖ్య రాకముందు నేను దానిచుట్టూ నాలుగుసార్లు నడిచాను. మన తెలుగువారే ముగ్గురు నలుగురు ఆడవారు అక్కడ కనిపించారు. వారిలో కడప వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళుతున్న ఒక అమ్మాయి, గేటు ఎలా చూడాలో నాకన్నా బాగా తెలిసినది, "రా అత్తా" అని నన్ను తెర దగ్గరికి తీసుకువెళ్లింది. ఆమె అనేక సంవత్సరాలుగా ఒంటరిగానే వస్తూ పోతూ ఉన్నదట. మనం ఇంతగా చర్చించుకున్న ప్రయాణాన్ని రాయలసీమ, కోనసీమ ఆడవారు ఏ నోటుపుస్తకమూ లేకుండా ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

రెండో విమానమే కష్టం. వైద్యుడు గారు చెప్పినట్టు గంటకోసారి లేచాను. నా పక్కన కిటికీ వైపు కూర్చున్నాయన ప్రతిసారీ నిద్ర లేచి చూసేవారు, నేను మాత్రం మొహమాటపడలేదు. కాళ్లు వాచాయి గాని మరుసటి రోజుకు తగ్గాయి. పన్నెండో గంట తరువాత సమయం అసలు కదలలేదు. ఎదుటి తెరమీద విమానం బొమ్మ గ్రీన్‌లాండ్ దక్షిణ కొస దగ్గర ఉండగా పడుకొని, లేచి చూస్తే కెనడా మీద ఉంది. ముప్పై ఏళ్లు పటంలో కర్రతో చూపించిన చోట్లు.

డాలస్‌లో దిగినది డీ టెర్మినల్‌లో. అమెరికా పౌరులకు ఒక వరుస, మాబోటివారికి మరొకటి. వరుసలో గంటకు పైగా నిలబడవలసి వచ్చింది. కుర్చీలో వచ్చినవారిని వేరే వరుసలో ముందుగా పంపారు. ఈ ఒక్క చోట కుర్చీ లేని లోటు తెలిసింది, దాచడం ఎందుకు? అధికారి ఎన్నాళ్లు ఉంటారని అడిగినది మొదట నాకు అర్థం కాలేదు. నెమ్మదిగా చెప్పమని అడిగితే, విసుక్కోకుండా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. పురుడు సంగతి చెప్పాను. "మొదటి మనవడా?" అన్నట్టు అడిగి నవ్వి, వేలిముద్రలు, ఫొటో తీసుకొని పంపారు. ముద్ర వేయలేదు. తరువాత పెట్టెలు తీసుకున్నాను. తిండి వస్తువులు ఉన్నాయని చెబితే ఏమేమి అని అడిగారు. ఆవకాయ, పొడులు, సున్నుండలు అన్నాను. మాంసం, పండ్లు, మొక్కలు ఉన్నాయా అని మళ్లీ అడిగి, లేవన్న తరువాత వెళ్లమన్నారు. తలుపు దాటగానే అల్లుడు ఎదురుగా ఉన్నాడు.

విమానం ఎక్కిన తేదీనాడే మధ్యాహ్నం ఇక్కడ దిగడం వింతగా అనిపించింది. ఇక్కడి గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. మొదటి నాలుగు రోజులు రాత్రి రెండింటికే మెలకువ వచ్చి, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని తూగేదాన్ని. పగలు నిద్రపోకుండా ఎండలో తిరగమని అమ్మాయి పోరుపెట్టింది, అది పనిచేసింది. ఇక్కడ వీధిలో నడిచే మనుషులే కనిపించరు. ఎవరైనా తోడు దొరుకుతారేమోనని ఫ్రిస్కోలోని హనుమంతుడి గుడికి ఈ శనివారం తీసుకువెళ్లమన్నాను.

గోదారిగట్టు (సెప్టెంబరు 16)
చాలా సంతోషం టీచరు గారూ. మా అమ్మకు ఈసారి మీట్ అండ్ అసిస్ట్ అడిగాము, ఇస్తామన్నారు. శంషాబాద్ మిత్రునికి కృతజ్ఞతలు.

నిజామాబాద్ లక్ష్మి (సెప్టెంబరు 18)
అక్కయ్య గారూ, నేను పదిరోజుల క్రితమే అట్లాంటాలో దిగాను. నాకూ ముద్ర వేయలేదు. ఎన్నాళ్లు ఉండవచ్చో ఎలా తెలుస్తుంది? వీసా మీద 2034 వరకు అని ఉంది కదా, అంతవరకు పరవాలేదా?

పిఠాపురం అమ్మాయి (సెప్టెంబరు 18)
పరవాలేదనుకోకండి. వీసా మీది తేదీ మీరు ఏ రోజు వరకు అమెరికా తలుపు తట్టవచ్చో చెబుతుంది. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే నమోదు. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు, తక్కువ కూడా ఇవ్వవచ్చు. విమానంలో వచ్చినవారికి అది కాగితం రూపంలో రాదు. అమెరికా సరిహద్దు రక్షణ విభాగం, సీబీపీ వారి అధికారిక వెబ్‌సైటులో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య ఇస్తే ఉచితంగా కనిపిస్తుంది. ఈ నమోదు చూపడానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా అది ప్రభుత్వానిది కాదు. ఆ పుటను ముద్రించి పాస్‌పోర్టుతో దాచుకోండి. టీచరు గారూ, మీరు కూడా చూశారా?

తెనాలి టీచరమ్మ (సెప్టెంబరు 18)
నేను దిగిన మర్నాడే అల్లుడు చూశాడు. మార్చి వరకు ఇచ్చారు. మా తిరుగు టికెట్టు అంతకు ముందే.

నిజామాబాద్ లక్ష్మి (సెప్టెంబరు 19)
మా అబ్బాయి వెదికితే నా పేరు మీద నమోదు లేదని వస్తోంది. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, మొత్తం పేరు ఒకేచోట ఉంది. దాని వల్లనా?

పిఠాపురం అమ్మాయి (సెప్టెంబరు 19)
దాని వల్లనే కావచ్చు. వీసా కాగితం మీద ఎలా ఉందో అలాగే ఇవ్వండి. ఒకే పేరు ఉన్నవారికి ఆ పేరంతా ఇంటిపేరు గడిలో వేసి, సొంత పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని ముద్రిస్తారు. మొదటి గడిలో ఎఫ్‌ఎన్‌యూ, ఇంటిపేరు గడిలో మీ పూర్తి పేరు ఇచ్చి చూడమనండి.

నిజామాబాద్ లక్ష్మి (సెప్టెంబరు 19)
దొరికింది. మార్చి మొదటి వారం వరకు ఉంది. మా అబ్బాయి ముద్రించి ఇచ్చాడు.